ఇరవయ్యేనా?

గురువారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు, ఆడవాళ్ళ సర్జికల్ వార్డులో, నర్సింగ్ స్కూలు ట్యూటర్ దయామణి తన గొడుగును కిటికీ ఊచకు తగిలించి, మందుల ట్రాలీకి వీపు పెట్టి గోడవైపు తిరిగి నిలబడింది. ట్రాలీ దగ్గర మూడో సంవత్సరం విద్యార్థిని యామిని ఒక రోగి కోసం సిరంజీలోకి ఇన్సులిన్ తీస్తోంది. మామూలుగా ట్యూటర్లు ఇలాంటప్పుడు భుజం మీంచి తొంగిచూస్తారు. దయామణి చూడదు. తీయడం పూర్తయ్యాక విద్యార్థిని "అయింది మేడం" అనాలి. అంతకుమించి ఒక్క మాట అనకూడదు. ముఖ్యంగా ఎంత తీసిందో చెప్పకూడదు. అప్పుడు దయామణి ఇటు తిరిగి, చార్టు చదివి, సీసా మీది అక్షరాలు చదివి, సిరంజీని వెలుతురుకు పట్టి, తనలో తాను లెక్క వేసుకుని ఒక అంకె చెబుతుంది. ఆ అంకె, విద్యార్థిని మనసులో ఉన్న అంకె ఒకటైతే సూది మంచం దగ్గరికి వెళుతుంది. కాకపోతే ఇద్దరూ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి.

ఈ అలవాటు వల్ల హాస్టల్లో ఆమెకు గోడ మేడం అని పేరు. ఆ పేరు ఆమెకూ తెలుసు. ఒక వార్షికోత్సవంలో ఓ అమ్మాయి ఆమెను అనుకరిస్తూ స్టేజి మీద ప్రేక్షకులకు వీపు చూపించి నిలబడితే, నిలబడడం బాగానే ఉంది గానీ చార్టు పట్టుకోవడం మరిచిపోయావని తర్వాత పిలిచి చెప్పింది.

ఇన్సులిన్ లాంటి కొన్ని మందుల్ని ఇద్దరు చూసి ఇవ్వాలన్నది ఆ ఆస్పత్రి నియమం. ఇన్సులిన్ తక్కువైతే ఒక పూట ఒంట్లో చక్కెర పెరుగుతుంది, దిద్దుకోవచ్చు. ఎక్కువైతే చక్కెర పడిపోయి మనిషి గంట రెండు గంటల్లో స్పృహ తప్పవచ్చు, ఎవరూ గమనించకపోతే లేవకపోవచ్చు. నియమం గోడ మీద పెద్ద అక్షరాల్లో రాసే ఉంది. వార్డులో అది అమలయ్యే తీరు మాత్రం వేరు. మందు తీసిన సిస్టర్ "పన్నెండు" అంటుంది. పక్కనున్న సిస్టర్ సిరంజీ వైపు చూసి "ఆఁ, పన్నెండు" అంటుంది. ఇద్దరూ సంతకం పెడతారు. బళ్ళో పంతులమ్మ ఎక్కం చెబితే పిల్లలంతా వెనకే చెప్పినట్టు ఉంటుంది అది. ఆ సిస్టర్లంతా అలాంటి బళ్ళలో చదువుకుని వచ్చినవాళ్ళే.

యామిని క్లాసులో మొదటిది. మూడేళ్ళలో మందు లెక్కల్లో ఒక్క తప్పు చేయలేదు. తను తీసిన ప్రతి మందునూ దయామణి కొత్తగా లెక్కకట్టడం ఆమెకు చాలాకాలంగా గుచ్చుకుంటోంది. ఆ గురువారం సూది ఇవ్వడం అయ్యాక, వరండాలో, అడగనే అడిగింది.

"మేడం, మీకు నామీద నమ్మకం ఉందా, లేదా? ఉంటే అంకె చెప్పనివ్వండి. లేకపోతే సూది నా చేతికి ఎందుకిస్తారు?"

దయామణి నొచ్చుకోలేదు. పది గంటలకు మొదటి సంవత్సరం క్లాసు గదికి రమ్మంది. తలుపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవాలి, నోరు విప్పకూడదు, వచ్చిన అమ్మాయిలు ఏమన్నారో కాగితం మీద రాసుకోవాలి. యామిని వెళ్ళింది.

బల్ల మీద ఒక్కటే సిరంజీ ఉంది. అందులో నీళ్ళు ఇరవై ఆరో గీత దాకా ఉన్నాయి. మొదటి సంవత్సరంలో మొత్తం పద్దెనిమిది మంది. ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. మొదటి తొమ్మిది మందికీ దయామణి ఒకే మాట చెప్పింది, ఇరవై నాలుగు తీశానమ్మా, సరిగ్గా ఉందో లేదో చూడు అని. ఏడుగురు సిరంజీని వెలుతురుకు పట్టి, కళ్ళు చికిలించి, సరిగ్గా ఉంది మేడం అన్నారు. ఒకమ్మాయి ఇరవై ఆరు అంది. అని దయామణి ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో ఏమీ లేదు. అయినా, కాదు మేడం, ఇరవై నాలుగే, పొరపాటున చదివాను అని దిద్దుకుంది. ఒక్క అమ్మాయి ఇరవై ఆరు అని ఆ మాట మీదే నిలబడింది గానీ, బయటికి వెళుతూ చున్నీతో మెడ తుడుచుకుంది.

మిగిలిన తొమ్మిది మందికీ దయామణి ఏ అంకే చెప్పలేదు. ఇందులో ఎంత ఉందమ్మా అని మాత్రమే అడిగింది. ఎనిమిది మంది ఇరవై ఆరన్నారు. ఒకమ్మాయి ఇరవై ఐదంది. ఆమెకు కళ్ళజోడు కావాలేమో చూడాలని దయామణి యామిని కాగితం మీదే పక్కన రాసుకుంది.

గది ఖాళీ అయ్యాక యామినికి మాట్లాడే అనుమతి దొరికింది. వాళ్ళు కొత్తపిల్లలు, మిమ్మల్ని చూస్తేనే బెదురు, అందుకే అలా అన్నారంది. దయామణి ఒకటే అడిగింది, వాళ్ళు చూశారా చూడలేదా అని. చూశారని యామిని ఒప్పుకుంది. కొందరు చాలాసేపు చూశారు కూడా. అదే తనైతే, ఎవరేం చెప్పినా, ఒక్క చూపులో పట్టేసేదాన్నంది.

"పడతావు," అంది దయామణి. ఆ మాటలో ఎగతాళి ఉందో లేదో యామినికి తెలియలేదు.

గురువారం ఉదయం యామిని ఇన్సులిన్ ఇచ్చిన రోగి పేరు పైడమ్మ. ఏడో నంబరు మంచం. వయసు అరవై దగ్గర. బోరింగు దగ్గర కళ్ళు తిరిగి పడిపోతే నిండు బిందె కాలి మీద పడి, లోతుగా తెగి, ఆ రోజే, ఆదివారం, ఆస్పత్రిలో చేరింది. వచ్చేటప్పుడు తన ఇన్సులిన్ సీసాను తడిగుడ్డలో చుట్టి స్టీలు డబ్బాలో తెచ్చుకుంది. వార్డు నర్సు ఎలీషమ్మ దాని మీద పేరు రాసి ఫ్రిజ్‌లో పెట్టింది. వార్డు మందే వాడుతున్నారు కాబట్టి ఆ డబ్బాను మళ్ళీ ఎవరూ తెరవలేదు.

ఎలీషమ్మకు ఆ వార్డులో ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతుంది. ఆమె చెయ్యి తగిలితే సూది నొప్పి తెలియదని రోగులంటారు. చేరిన రోజున పైడమ్మ చీర కొంగున ముడి చూసి విప్పించింది కూడా ఆమే. లోపల బెల్లం. సుగర్ మనిషివి, బెల్లం మూటతో వచ్చావు, ఇదేమైనా పెళ్ళనుకున్నావా అని వార్డంతా వినేట్టు దులిపింది. పైడమ్మ సిగ్గుపడి తల వంచుకుంది. ఆ తర్వాత మళ్ళీ బెల్లం అడగలేదు. బుధవారం నాడు తనే చెప్పింది.

"ఇక్కడికొచ్చేక కళ్ళు తిరగడం నేదమ్మా. బెల్లం మీదకి మనసే పోడం నేదు. మీ సెయ్యి మంచిది."

ఎలీషమ్మ ఆ మాటను డ్యూటీ మారేటప్పుడు తర్వాతి సిస్టర్‌కు కూడా చెప్పింది. వేళకు తిండి, వేళకు మందు పడితే మనిషి ఎలా కుదురుకుంటుందో చూడమంది. అందరికీ అది సబబుగానే తోచింది.

గురువారం సాయంత్రానికి వార్డులో ఇన్సులిన్ అయిపోయింది. కొత్త సరుకు శనివారానికి గానీ రాదన్నారు. అంతవరకూ రోగి తెచ్చుకున్న మందు వాడవచ్చని డాక్టరు చార్టులో రాశాడు. మోతాదు మారలేదు. ఉదయం టిఫినుకు ముందు ఇరవై యూనిట్లు.

శుక్రవారం ఉదయం ఆరూ యాభైకి ఎలీషమ్మ ఫ్రిజ్‌లోంచి స్టీలు డబ్బా తీసింది. ఆమె చూడవలసినవి చూసింది. డబ్బా మీద పేరు చూసింది, మంచం దగ్గరికెళ్ళి పేరు అడిగింది, సీసా మీద మందు పేరు చూసింది, గడువు తేదీ చూసింది, చార్టు చూసింది. ట్రాలీలోంచి ఎర్రమూత సిరంజీ ఒకటి తీసింది. వార్డులో ఉండేవి అవే. ఇరవయ్యో గీత దాకా, బుడగ లేకుండా మందు తీసింది. ట్రాలీ అవతల యామిని నిలబడి ఉంది.

"పైడమ్మకి ఇరవై. చూడు."

"ఇరవై, సిస్టర్," అంది యామిని.

ఆ మాట తన నోట్లోంచి వచ్చాకే తను సిరంజీని చూశానని ఆమె తర్వాత తన నోటుబుక్కులో రాసుకుంది. చూస్తే ఇరవయ్యే ఉంది. గీత మీద సరిగ్గా కూర్చుంది. సంతకానికి పెన్ను తీసింది. అప్పుడు, పెన్ను మూత తీస్తూండగా, ఇరవై ఆరని చదివి ఇరవై నాలుగని దిద్దుకున్న అమ్మాయి గుర్తొచ్చింది.

యామిని పెన్ను జేబులో పెట్టేసింది. తను చూడకముందే అనేశానని, మళ్ళీ చూస్తానని, సీసా కూడా ఇమ్మని అడిగింది. మీ గోడ మేడం జబ్బు నీకూ అంటిందా అంది ఎలీషమ్మ. నువ్వు పుట్టకముందు నుంచీ ఇదే వార్డులో ఇదే సూది ఇస్తున్నానంది. అంటూనే సీసా ఇచ్చింది. మంచం మీద పైడమ్మ, సూది కోసం చీర పక్కకు జరుపుకుని, దుప్పటి పట్టుకుని ఎదురుచూస్తోంది.

"ఏటమ్మా, సూదికి ముహూర్తం సూస్తన్నారేటి?"

పక్క మంచాలవాళ్ళు నవ్వారు. యామిని సీసా, సిరంజీ పట్టుకుని గోడవైపు తిరిగింది. ఈసారి ఇరవయ్యేనా అని చూడలేదు. ఇందులో ఎంత మందు ఉంది అని చూసింది.

మన దగ్గర ఇన్సులిన్ సీసాలు రెండు రకాలు దొరుకుతాయి. ఒకదానిలో మిల్లీలీటరు మందుకి నలభై యూనిట్లు, ఇంకోదానిలో వంద. పేరు ఒకటే, డబ్బా దాదాపు ఒకటే, తేడా ఉన్నచోట అక్షరాలు చిన్నవి. అందుకే సిరంజీలు కూడా రెండు రకాలు చేస్తారు. నలభై సీసాకు ఎర్రమూతది, వంద సీసాకు నారింజరంగు మూతది. దేని గీతలు దానివే. ఆ వార్డుకు ఏళ్ళతరబడి నలభై సీసాలే వస్తున్నాయి. పైడమ్మ తెచ్చుకున్న సీసా మీద వంద అని ఉంది. ఎర్రమూత సిరంజీలో ఇరవయ్యో గీత అంటే అర మిల్లీలీటరు. మిల్లీలీటరుకి వంద ఉన్న మందులో అర మిల్లీలీటరు అంటే యాభై.

యామిని రెండుసార్లు లెక్క వేసింది. ఇటు తిరిగి, అంకె నోటిదాకా వచ్చి, ఆపుకుంది. సీసా, సిరంజీ రెండూ ఎలీషమ్మ చేతిలో పెట్టింది.

"నేనేమీ చెప్పను సిస్టర్. మీరు చూడండి. ఎంత ఉందో మీరే చెప్పండి."

ఎలీషమ్మకు ఆ అడిగిన తీరు నచ్చలేదు. అయినా కళ్ళజోడు పైకి తోసుకుని, సీసాను ముఖం దగ్గరికి తెచ్చుకుని చదివింది. ఆమె పెదవులు లెక్క వేస్తున్నట్టు కదిలాయి. తర్వాత మంచం పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. ఇరవై ఆరేళ్ళలో ఉదయం పూట ఆమె స్టూలు మీద కూర్చోవడం ఎవరూ చూడలేదని తర్వాత ఆ వార్డులో చెప్పుకున్నారు. లేచి, సిరంజీలోని మందును సింకులోకి వదిలేసింది. ఒక్క పావుగంట ఆగు తల్లీ అని పైడమ్మతో చెప్పింది. కింద ఎమర్జెన్సీ నుంచి నారింజరంగు మూత సిరంజీ తెప్పించింది. మళ్ళీ తీసింది. ఈసారి యామినికి ఏమీ చెప్పకుండా చూపించింది. ఏడూ ఇరవైకి పైడమ్మ సూది వేయించుకుని, తర్వాత ఇడ్లీ తింది.

ఆ పూట ఎలీషమ్మ ఇంకొక పని చేసింది. తప్పులు రాసే పుస్తకం తెరిచి, జరగబోయినదాన్ని తన పేరుతో, తన చేతిరాతతో రాసింది. ఎవరికీ ఏమీ కాలేదు కదా, రిటైరయ్యే ముందు ఇదంతా ఎందుకని సాటి సిస్టర్లు ఆపబోయారు. ఆమె వినలేదు. మచ్చలేని సర్వీసు రికార్డులో అదొక్కటే అలాంటి పేజీ.

యామిని పదింటికి స్కూలుకు వెళ్ళి దయామణికి జరిగింది చెప్పింది. చెప్పడంలో కొంత గర్వం ఉంది, తను ముందు ఇరవై అనేసిన సంగతి కూడా దాచలేదు కాబట్టి కొంత నిజాయితీ కూడా ఉంది. ఎలీషమ్మ సిస్టర్ అంత అనుభవం ఉన్న మనిషి, అన్నీ చూసింది, ఆ ఒక్కటి ఎలా వదిలేసిందో అర్థం కావడంలేదంది. నిన్న అడిగిన ప్రశ్నకు జవాబు దొరికిందనుకుంటున్నానంది.

దయామణి ఆ జవాబేమిటో అడగలేదు. వేరే సంగతి అడిగింది.

"సీసాలో మందు ఎంత ఉంది? తీయకముందు?"

యామిని ఆలోచించింది. మూతకు సీలు లేదు. మందు సీసాలో సగానికి కొంచెం పైగా ఉంది.

"మిగతా సగం ఎవరు వాడారు?" అంది దయామణి. "ఏ సిరంజీతో?"

ఆ ప్రశ్న యామిని తలలోంచి పోలేదు. మధ్యాహ్నం వార్డుకు వెళ్ళి పైడమ్మను అడిగింది. పైడమ్మకు సిరంజీ మూత రంగు గుర్తులేదు. తన కళ్ళకు గీతలు ఆనవని, ఇంట్లో కోడలు నూకరత్నం చూసి చెబుతుందని, తను మందు లాగుతుందని మాత్రం చెప్పింది. కోడలు ఊళ్ళో ఉంది. వరి కోతల రోజులు, మంగళవారం గానీ రాదు.

యామిని రోజులు లెక్కపెట్టుకుంటూ ఉండిపోయింది. ఈలోగా ఆమె తెలుసుకున్నవి కొన్ని. ఊళ్ళో పైడమ్మకు కళ్ళు తిరగడం మొదలై ఎన్నాళ్ళో కాలేదు. రోజూ పొద్దున్నే, సూది వేసుకున్న గంటకో గంటన్నరకో, ఒళ్ళంతా చెమటలు పట్టి చేతులు వణికేవి. అలాంటప్పుడు బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే తగ్గేది. సుగర్ మనిషి బెల్లం తింటోందని తెలిస్తే ఇంట్లో అరుస్తారని గాదె వెనక్కి వెళ్ళి తినేది. బోరింగు దగ్గర పడిపోయిన రోజున కొంగున బెల్లం లేదు. ఆస్పత్రికి బయల్దేరినప్పుడు మాత్రం మరిచిపోకుండా కట్టుకుంది. అదే ఎలీషమ్మ విప్పించిన ముడి.

మంగళవారం సాయంత్రం నాలుగింటికి నూకరత్నం వచ్చింది. పొలం నుంచి నేరుగా బస్సెక్కినట్టుంది, చీర అంచుకు గడ్డిపరకలు ఉన్నాయి. యామిని చెప్పి పంపడంతో ఇంట్లో మిగిలిన సిరంజీలను ప్లాస్టిక్ సంచీలో తెచ్చింది. మంచం మీద కుమ్మరించింది. అన్నీ ఎర్రమూతలే.

అప్పుడు జరిగింది పూర్తిగా తెలిసింది. ఎప్పుడూ కొనే మందుల షాపులో సీసా దొరక్క, నూకరత్నం టౌనులో ఇంకో షాపులో కొంది. పేరు అదే, డబ్బా రంగు అదే. సిరంజీలు పాతవే ఉన్నాయి కదా అని కొనలేదు. కొత్త సీసా మొదలుపెట్టాక తొమ్మిది ఉదయాలు సూది వేశారు. తొమ్మిదో ఉదయం పైడమ్మ బోరింగు దగ్గర పడిపోయింది. ఆస్పత్రిలో వార్డు మందు పడిన నాలుగు రోజులూ ఆమెకు కళ్ళు తిరగలేదు. అది ఎవరి చెయ్యీ మంచిదవడం వల్ల కాదు.

యామిని మెల్లగానే చెప్పింది. నూకరత్నం అంతా విని, అత్త కాలి కట్టు వైపు చూసి, ఏడవడం మొదలుపెట్టింది. తను ఏ పూటా నిర్లక్ష్యం చేయలేదంది. పొలానికి ఆలస్యమైనా, పొయ్యి మీద కూర మాడినా, సిరంజీని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి గీత చూసి మరీ చెప్పానంది. పైడమ్మ కోడలి చెయ్యి పట్టుకుని, ఊరుకోవే, నువ్వు సూడకపోతే నాకెవరు సూత్తారు అంది.

బుధవారం ఉదయం ఆరూ నలభైకి, వార్డులో, దయామణి గొడుగు తగిలించే లోపలే యామిని ఇదంతా చెప్పేసింది. నూకరత్నం ఏడ్చిందని, తప్పంతా తనదేనా అని అడిగిందని, దానికేం చెప్పాలో తనకు తోచలేదని చెప్పింది.

"అత్త రోజూ ఏమని అడిగేదట?" అంది దయామణి.

"'ఇరవయ్యేనేటే' అని, మేడం."

"కోడలేమనేది?"

"'ఇరవయ్యే అత్తా' అని. రోజూ గీత మీద సరిగ్గా ఇరవయ్యేనట."

దయామణి గొడుగును కిటికీ ఊచకు తగిలించింది. ట్రాలీకి వీపు పెట్టి గోడవైపు తిరిగింది.

"తొమ్మిది రోజులూ ఆ అమ్మాయి సరిగ్గానే చెప్పింది," అంది.